టీ ట్రే గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టోక్యో కార్యాలయాల టీ ట్రే గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

1961లో తమకు జరిగిన అవమానాన్ని ఇంతవరకు ఎవరూ పట్టించుకోకపోవడం శోచనీయం. లలితకళల విశ్వవిద్యాలయం నుంచి అప్పుడే పట్టా పుచ్చుకున్న ఎయికో ఇషియోకా, షిసేడో సౌందర్య సాధనాల సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లి, తాను టీ అందించడానికి రాలేదనీ, డిజైనర్ పనే కావాలనీ, తనలాగే చదివిన మగవారికి ఇచ్చే జీతమే తనకూ ఇవ్వాలనీ తేల్చి చెప్పింది. ఆడపిల్ల ఏం చదివినా ఉద్యోగం మాత్రం తమరిని మోయడంతోనే మొదలుకావాలన్న ఆచారం ఏమైపోవాలి? పైగా ఆ సంస్థ ఆమెను చేర్చుకుంది కూడా!

ఫలితం చూశారు కదా. 1966 నాటి వేసవి పోస్టరులో, బొమ్మలా ఒదిగి ఉండవలసిన అమ్మాయికి బదులు, ఎండకు రంగు తేలిన ఒంటితో చూసేవారి కళ్లలోకే సూటిగా చూసే మోడల్ బిబారి మయెదా ప్రత్యక్షమైంది. తరువాత పార్కో దుకాణాల కోసం తీసిన టీవీ ప్రకటనలో హాలీవుడ్ నటి ఫే డనవే నల్లదుస్తుల్లో కూర్చుని, ఉడికించిన గుడ్డు ఒలుచుకుని తింటుంది; ప్రకటన మొత్తం అంతే. పక్కన మాటవరసకైనా ఒక టీ కప్పు లేదు.

జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 'టూటూ' ఆల్బమ్ అట్టకు 1987లో ఆమెకు వచ్చిన గ్రామీ సంగీత పురస్కారాన్ని పోనిద్దాం. కొప్పోలా తీసిన డ్రాకులా చిత్రమే తమరు తీరికగా చూడదగినది. అందులో సెట్ల కంటే దుస్తులే కథ చెప్పాలని ఆ దర్శకుడు కోరుకోగా, ఈమె అందరికీ అలవాటైన నల్లకోటును పక్కన పెట్టి, చర్మం ఒలిచిన కండరాల వంటి ఎర్రని కవచాన్ని డ్రాకులాకు తొడిగింది. అందులోని లూసీ అనే పాత్ర పెళ్లిదుస్తుల మెడపట్టీకి, బెదిరినప్పుడు మెడచుట్టూ తోలును గొడుగులా విప్పే తొండను ఆధారం చేసుకుంది. (పెళ్లికూతురికి తొండ పోలిక! మన పెళ్లిళ్లలో ఎవరైనా ఒప్పుకుంటారా?) అకాడమీ వారు మాత్రం ఒప్పుకుని 1993లో ఆస్కార్ చేతికిచ్చారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవ దుస్తుల బాధ్యతా ఆమెదే. 2012 జనవరిలో ఆమె కన్నుమూశాక కూడా 'మిర్రర్ మిర్రర్' చిత్రంలోని దుస్తులకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

ఇంత జరిగినా తమకు ఒక్క క్షమాపణ అందలేదు. వెంటనే తగిన విచారణ జరిపించవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
ఏ కార్యాలయంలోనూ ఎవరికీ టీ అందించి ఎరుగని ఒక పురుషుడు