ఖాళీ చేస్తామనడం మర్యాదేనా?

బాడుగ అగ్రిమెంటు ఆయుష్షు 11 నెలలు. ఏడాదికి మించిన లీజునే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలన్న లెక్కతో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి మనవాళ్లు తెలివిగా ఒక నెల కోసేశారు. గడువు తీరగానే అగ్రిమెంటు కన్నుమూస్తుంది. ఎవరూ పట్టించుకోరు, దినం కూడా పెట్టరు. ఒకటో తేదీన బాడుగ మామూలుగా ఫోన్‌పేలో పడుతుంది, ఇంటాయన మామూలుగా పుచ్చుకుంటాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ వైభవాన్ని ముందే ఊహించి 116వ సెక్షన్‌లో రాసిపెట్టింది. గడువు దాటాక కూడా యజమాని బాడుగ తీసుకుంటూ ఉంటే, ఆ కాపురం నెల నెలా కొనసాగుతున్నట్టే లెక్క.

అంతా సవ్యంగా సాగుతున్న సమయంలో బాడుగకున్న మనిషికి దుర్బుద్ధి పుడుతుంది. "అన్నా, వచ్చే నెలలో ఖాళీ చేస్తన్నాం" అంటాడు.

ఈ మాట విన్న ఇంటి యజమాని గుండె ఏమవుతుందో ఇంతవరకు ఏ పత్రికా రాయలేదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో వేదాయపాళెంలోనో అప్పు చేసి మూడంతస్తులు లేపి, పైన తాముంటూ, కింది రెండూ సాటి మానవుల కోసం వదిలిపెట్టిన త్యాగమూర్తులు వాళ్లు. "ఏంది నాయనా, ఇంత సడన్‌గా జెప్తే ఎట్ల? మిమ్మల్ని ఏనాడన్నా బాడుగోళ్లుగా జూశామా? ఇంట్లో మనుషులు గదా!" అంటారు. నిజమే. ఇంట్లో మనుషులు కాబట్టే రాత్రి పదింటికి గేటుకు తాళం పడేది, ఆదివారం చుట్టాలొస్తే మోటారు ఎన్నిసార్లు వేశారో లెక్క అడిగేది. బయటివాళ్లనైతే ఎవరడుగుతారు?

చట్టానికి ఈ ప్రేమ అర్థం కాదు. వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ బాడుగకు 15 రోజుల నోటీసు చాలంటుంది 106వ సెక్షన్. అసలు గడువు తీరిన రోజే ఇల్లు అప్పగిస్తే ఆ నోటీసు కూడా అక్కర్లేదట, లీజు దానంతటదే ముగిసిపోతుందట. తెల్లదొరలకు నెల్లూరు మర్యాదలు ఏం తెలుసు, వాళ్లను అనుకుని లాభం లేదు. అదృష్టం కొద్దీ మన అగ్రిమెంట్లలో 'నెల ముందు చెప్పాలి' అనే క్లాజు ఉంటుంది. అగ్రిమెంటు చచ్చినా ఆ క్లాజు చావదు. ఏటా బాడుగ పెంచే క్లాజైతే చిరంజీవి. మోటారు చెడితే యజమానే బాగు చేయించాలన్న క్లాజు మాత్రం పాపం, అగ్రిమెంటుతో పాటే సహగమనం చేస్తుంది. ఇక యజమానే మిమ్మల్ని పొమ్మనేటప్పుడు క్లాజుల పని లేదు. 'మా అల్లుడొస్తన్నాడు' అన్న ఒక్క మాట చాలు.

నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చు. అవేవీ కుదరకపోతే ఆ ఇంటికే, అందరికీ కనబడే చోట అతికించొచ్చు. మన అగ్రిమెంటులో ఏమో గోడలకు ఏదీ అతికించరాదు, మేకు కొట్టరాదు అని ఉంటుంది. పోస్టు సంగతా? రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కింది వాటా నుంచి పై వాటాకు స్పీడ్ పోస్టు పంపిన కుటుంబానికి మర్నాడు పైనుంచి నీళ్లు వదులుతారా? కాబట్టి మెట్ల కింద చెప్పులు విప్పి, తలొంచుకుని నోటితో చెప్పడమే మన పద్ధతి. రసీదు ఉండదు. రేపు "మీరెప్పుడు జెప్పినారు?" అంటే సాక్ష్యం పలకాల్సింది పెరట్లో కరివేపాకు చెట్టే.

తేదీ కుదరడం ఇంకో ఘట్టం. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించకూడదు. భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మధ్యలో గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో ఉండనే ఉంటుంది. మంగళవారం కదలకూడదు. శుక్రవారం సామాను బయటికి పోతే తమ ఇంటి లక్ష్మి కూడా అదే లారీ ఎక్కేస్తుందని యజమానురాలి భయం. చట్టమిచ్చిన పదిహేను రోజుల్లో ఇవన్నీ తీసేస్తే ఒక బుధవారం మిగులుతుంది. ఆ రోజు అష్టమి.

చెప్పిన మర్నాడే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. బాడుగాయన అసలు కొలువు అప్పుడు మొదలు. అన్నం తింటుండగా కుటుంబాలు కుటుంబాలు వచ్చి వంటగది చూస్తాయి, బీరువా పక్కన నిలబడి తమ బీరువా పడుతుందో లేదో జానలతో కొలుస్తాయి, కొళాయి తిప్పి చూస్తాయి. చివరికి అందరూ అడిగేది ఒకటే. "నీళ్లు బాగొస్తాయా?"

మనిషి నీతికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. ఎండాకాలంలో బోరు చేతులెత్తేస్తుందని, వచ్చే నీళ్లు ఉప్పగా ఉంటాయని, బకెట్లకు తెల్లగా చార కడుతుందని ఆయనకు తెలుసు. నిజం చెబితే కొత్తవాళ్లు రారు. కొత్తవాళ్లు రాకపోతే అడ్వాన్సు రాదు. యజమాని మొదటే తేల్చేశాడు కదా, "కొత్తోళ్లు అడ్వాన్సు ఇస్తానే మీది మీకిచ్చేస్తా, నా దగ్గర యాడుంది నాయనా!" అని. ఆయనిప్పుడు చిరునవ్వుతో పక్కనే నిలబడి ఉన్నాడు. "బ్రహ్మాండంగా వస్తాయండీ, పెన్నమ్మ దయ" అంటాడు బాడుగాయన. తను చేరేటప్పుడు పాత బాడుగాయన చెప్పిందీ ఈ మాటే. ఇట్లా అబద్ధాలు ఒకరి నుంచి ఒకరికి తాళంచెవులతో పాటు అందుతుంటాయి, యజమాని నోరు మాత్రం పవిత్రంగా ఉంటుంది.

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టాలని చూసేవాళ్లూ లేకపోలేదు. 2021లో కేంద్రం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం ఏమంటుందో తెలుసా? ఉండే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదట. ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే, బాకీలు పట్టుకుని మిగతాది తిరిగి ఇచ్చేయాలట. అదే రోజు! రాష్ట్రాలు తీసుకుంటేనే అమలయ్యే మాదిరి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎంతమంది యజమానులకు బీపీ పెరిగేదో.

అప్పగింత రోజు యజమాని పట్టపగలు సెల్‌ఫోన్ టార్చి వేసుకుని వస్తాడు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను చట్టం మినహాయించింది గానీ, గోడ మీది చెమ్మ సంగతి చెప్పలేదు. అది బాడుగాయన ఊపిరి వల్లే వస్తుందని నెల్లూరులో ఏ ఇంటాయననడిగినా చెబుతాడు. అందుకని పెయింటింగ్‌కు కొంత, కిర్రుమనే ఫ్యానుకు కొంత, ఇంకా రాని కరెంటు బిల్లుకు కొంత పట్టుకుంటారు.

మిగిలింది ఎప్పుడిస్తారు? మా సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్లు పడతాయి. అందులోంచి నీళ్లు వదలాలంటే సాగునీటి సలహా మండలి కూర్చుని లెక్క తేలుస్తుంది, రైతుకు ఒక తేదీ తెలుస్తుంది. అడ్వాన్సుకు అలాంటి మండలి లేదు. "సంక్రాంతి పోనీ నాయనా" అంటారు. సంక్రాంతి పోతుంది. "రొయ్యల డబ్బు ఇంకా పడలా" అంటారు. అదీ నిజమే అయ్యుంటుంది, రొయ్యలను వెళ్లి అడగలేం.

అందుకే ఒక ప్రతిపాదన. ఏటా మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె అన్నీ ఉన్నాయి. కోరికున్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, అది తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. సొంతింటి రొట్టె ఇచ్చే చేతుల్లో మన యజమానుల చేతులూ ఉండే ఉంటాయి. ఆ పక్కనే అడ్వాన్సు రొట్టె కూడా మొదలుపెడితే జిల్లా అంతా తరలివస్తుంది. చిక్కు ఒక్కటే. మొదటి రొట్టె ఇవ్వడానికి అడ్వాన్సు పూర్తిగా చేతికొచ్చిన మనిషి ఒకడు కావాలి. స్టోన్‌హౌస్‌పేట నుంచి దర్గామిట్ట దాకా వెతుకుతున్నాం.