బకెట్లో పడేస్తే బ్యాకప్ అయిపోయినట్టేనా?

"లెక్కలన్నీ క్లౌడ్ బకెట్లో పడేయండి. పదకొండు తొమ్మిదుల గ్యారంటీ, డేటా పోనే పోదు. జీబీకి నెలకు రెండు రూపాయలే. డేటా ఇండియా దాటదు. ఇంక హార్డ్‌డిస్క్‌లు దేనికి?" ఏనుమాముల మార్కెట్ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. వరంగల్ దుకాణాల్లో అకౌంట్స్ కంప్యూటర్లు చూసుకునే పని నాది. బకెట్ అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి కిరాయికి తీసుకునే చోటు. అవి నేనూ పెట్టిస్తాను. కానీ ఇది నమ్మి ఉన్న హార్డ్‌డిస్క్ తీసి పారేయకండి.

ముందు ఆ తొమ్మిదుల సంగతి. ఇలాంటి బకెట్లు ఇచ్చే అమెజాన్ ఎస్3 సర్వీసులో ఫైళ్ల మన్నిక 99.999999999 శాతం అంటారు. కోటి ఫైళ్లు పెడితే సగటున పదివేల ఏళ్లకు ఒకటి పోవచ్చని దానర్థం. అబద్ధం కాదు. కాకపోతే అది వాళ్ల డిస్కులు చెడిపోవడం గురించిన లెక్క, మీ గుమస్తా పొరపాటు గురించి కాదు. మీ లాగిన్‌తో డిలీట్ కొడితే అన్ని కాపీలూ పోతాయి.

తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) ఎంట్రీ అయ్యాక, రాత్రి అకౌంట్స్ ఫోల్డర్ దానంతటదే బకెట్లోకి ఎక్కేలా చాలామంది సింక్ పెట్టించుకున్నారు. సిస్టంలో రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్, పడిందనుకోండి. ఆ రాత్రి పైకెక్కేది తాళం పడ్డ ఫైలే. నిన్నటి మంచి ఫైలు పోయి, పాడైనదానికి పదకొండు తొమ్మిదుల భద్రత దొరుకుతుంది! ఫైలు మారినా పాత ప్రతిని దాచిపెట్టే సెట్టింగ్, వెర్షనింగ్, బకెట్లో ఆన్ చేసి ఉంటే పాత ప్రతి మిగులుతుంది. అది ముందుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఇంకా గట్టిగా కావాలంటే ఆబ్జెక్ట్ లాక్ ఉంది. కంప్లయన్స్ మోడ్‌లో పెడితే గడువు తీరేదాకా ఆ ప్రతిని ఓనర్ లాగిన్‌తో కూడా చెరపలేరు. (హుషారుగా పదేళ్లని కొట్టకండి, పదేళ్లూ కిరాయి కట్టాలి.)

రెండు రూపాయల మాట ఎస్3 ముంబయి సర్వర్ల మామూలు (స్టాండర్డ్) రేటుకు దగ్గరే. అయితే అది దాచడానికి. నెలకు మొదటి 100 జీబీ దాటాక బయటికి దించుకుంటే, జీబీకి దాచే రేటుకు నాలుగింతలు పైనే పడుతుంది. వెర్షనింగ్‌లో మిగిలే పాత ప్రతులకూ బిల్లు వస్తుంది, కాబట్టి ఎన్ని రోజులకు తీసేయాలో లైఫ్‌సైకిల్ రూల్ రాయాలి. ఇంకా చవకని, అరుదుగా తీసే ఫైళ్ల కోసం ఉన్న డీప్ ఆర్కైవ్‌లో వేస్తే 180 రోజుల కిరాయి తప్పదు, మధ్యలో తీసేసినా సరే. అందులోంచి ఫైలు రావడానికి మామూలుగా 12 గంటల దాకా పడుతుంది. జీఎస్టీ నోటీసు చేతిలో పెట్టుకుని అన్ని గంటలు కూర్చోగలరా?

ఇండియా దాటదన్నది మీరు ఎంచుకున్న రీజియన్‌ను, అంటే సర్వర్లుండే చోటును బట్టి. ముంబయి 2016 నుంచి ఉంది, హైదరాబాద్ 2022 నవంబరులో వచ్చింది. చూసుకోకుండా అమెరికాలోని వర్జీనియాలో బకెట్ తెరిస్తే అది అక్కడే ఉంటుంది. తర్వాత రీజియన్ మార్చలేరు, కొత్త బకెట్ తెరిచి ఫైళ్లు తరలించాల్సిందే. ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ రోజూ ఇండియాలోని సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టులో వచ్చిన నిబంధన కంపెనీలకు. ప్రొప్రైటర్‌షిప్ దుకాణాలకు వర్తించదు.

ఇక హార్డ్‌డిస్క్ దేనికంటే, బకెట్ లాగిన్‌కు అందని కాపీ ఒకటి ఉండాలి కాబట్టి. కాపీ కాగానే వైరు పీకేయండి. కంప్యూటర్ పక్కనే మాత్రం పెట్టొద్దు, 2023 జులై వానలకు వరంగల్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. నెలకోసారి బకెట్ నుంచి బ్యాకప్ దించి, వేరే సిస్టంలో తెరిచి, ఆ రోజు క్లోజింగ్ బ్యాలెన్స్ సరిపోతుందో లేదో చూసుకోండి.