గడియారం తిప్పడం ఆపాలి సరే, ఏ టైమ్ దగ్గర ఆపాలి?

గుంటూరులో మా ఇంటి హాల్లో రెండు గోడగడియారాలుంటాయి. ఒకటి మన టైమ్, రెండోది డల్లాస్ టైమ్. అక్క అమెరికా వెళ్లిన ఏడాది నాన్న కొన్న గడియారం అది. ఏటా మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఆయన స్టూలెక్కి దాని ముల్లు గంట ముందుకో వెనక్కో తిప్పుతారు. చలికాలమంతా ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే అక్క ఫోన్ మార్చిలో ఉన్నట్టుండి ఏడున్నరకే మోగుతుంది. అప్పటికి అమ్మ చేతికి చపాతీ పిండి ఉంటుంది. ‘వాళ్లకి టైమ్ మారిందే’ అంటారు నాన్న. ‘సూర్యుడు కూడా వాళ్లు చెప్పినట్టు వింటున్నాడా?’ అంటుంది అమ్మ.

అమ్మ ప్రశ్నే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పే తతంగంతో అమెరికావాళ్లకు విసుగు పుట్టింది. ఆపేయాలన్న మాట దగ్గర పెద్దగా గొడవ లేదు. ఏ టైమ్ దగ్గర ఆపాలన్నదే గొడవ. రాజకీయ నాయకుల్లో ఎక్కువమంది ఎండాకాలపు డేలైట్ సేవింగ్ టైమ్‌నే, అంటే గంట ముందుకు జరిపిన టైమ్‌నే, ఏడాది పొడుగునా ఉంచేద్దామంటున్నారు. అది తప్పుదారి. ఆపితే స్టాండర్డ్ టైమ్, అంటే గంట కలపని చలికాలపు టైమ్ దగ్గరే ఆపాలి.

మనకిది వింతగా తోచడానికి కారణముంది. హైదరాబాద్‌లో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే. న్యూయార్క్‌లో డిసెంబరు పగలు తొమ్మిది గంటల పావు, జూన్ పగలు పదిహేను గంటలు. గడియారం తిప్పకపోతే జూన్‌లో అక్కడ నాలుగున్నర కూడా కాకముందే తెల్లారిపోతుంది. అందరూ నిద్రపోతుండగా వృథా అయ్యే ఆ వెలుగును సాయంత్రానికి జరుపుదామన్న ఆలోచనను 1916లో, యుద్ధం మధ్యలో బొగ్గు మిగుల్చుకోవడానికి జర్మనీ మొదట అమల్లో పెట్టింది. రైతుల కోసం తెచ్చారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి అమెరికా రైతులు దీనిమీద మండిపడ్డారు. 1919లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్, దేశాధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా కాదని దీన్ని రద్దు చేసింది. తర్వాతి కాలంలో దీన్ని పొడిగించమని పట్టుబట్టిన వాళ్లలో గోల్ఫ్, బార్బెక్యూ వ్యాపారులున్నారు.

కరెంటైనా మిగులుతుందా అంటే, 2006లో ఇండియానా రాష్ట్రమంతా డేలైట్ సేవింగ్ మొదలయ్యాక పరిశోధకులు బిల్లులు లెక్కగట్టారు. ఇళ్ల కరెంటు వాడకం ఒక శాతం పెరిగింది. లైట్ల దగ్గర మిగిలింది ఏసీలు తినేశాయి.

ఏడాదంతా డేలైట్ సేవింగ్ ఉంచితే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. 1974 జనవరిలో, చమురు కొరత రోజుల్లో, నిక్సన్ ప్రభుత్వం దాన్ని అమలు చేసింది. అంతకు ముందు నెలలో 79 శాతం జనం సై అన్నారు. ఫిబ్రవరికి ఆ మద్దతు 42 శాతానికి పడిపోయింది. కారణం స్కూలు పిల్లలు. కటిక చీకట్లో బస్సుల కోసం నిలబడ్డారు. ఫ్లోరిడాలో పొద్దున్నే జరిగిన ప్రమాదాల్లో పిల్లలు చనిపోయారు. అక్టోబరుకల్లా పాత పద్ధతికి వెళ్లిపోయారు. రష్యాదీ అదే కథ. 2011లో శాశ్వతంగా ఎండాకాలం టైమ్ పెట్టుకుని, చీకటి ఉదయాలు భరించలేక 2014లో చలికాలం టైమ్‌కు మారింది.

అక్క మాత్రం నాతో ఒప్పుకోదు. ‘ఆఫీసు నుంచి వచ్చాక పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లేంత వెలుతురుండాలిరా, నీకేం తెలుసు’ అంటుంది. బావ అయితే మార్చి కోసం క్రికెట్ కిట్ సర్దుకుని కూర్చుంటాడు. వాళ్ల బాధ నిజమే, నవంబరులో ఐదున్నరకే చీకటి పడటం దిగులుగానే ఉంటుంది. కానీ జూన్ చివర్లో డల్లాస్‌లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక అస్తమిస్తాడు. స్టాండర్డ్ టైమ్ ఉంచినా ఏడున్నర దాటుతుంది. ఆటకు అది చాలదా? జనవరి సంగతి చూడండి. ఇప్పుడే అక్కడ ఏడున్నరకు తెల్లారుతోంది. డేలైట్ సేవింగ్ ఉంచేస్తే ఎనిమిదిన్నర. డెట్రాయిట్‌లో తొమ్మిది. మా మేనకోడలు స్కూలు బస్సు ఏడుంపావుకు వస్తుంది.

మన ఒంటికి మేలుకొమ్మని చెప్పేది పొద్దుటి వెలుగే. అమెరికా నిద్ర వైద్యుల సంఘం శాశ్వత స్టాండర్డ్ టైమ్ కావాలంటున్నది అందుకే. మార్చిలో ముల్లు ముందుకు జరిపిన వారంలో ప్రాణాంతక కారు ప్రమాదాలు ఆరు శాతం పెరుగుతున్నాయని కొలరాడో పరిశోధకులు 2020లో తేల్చారు. మర్నాడు సోమవారం గుండెపోటు కేసులు 24 శాతం పెరిగాయన్న మిషిగన్ అధ్యయనాన్ని అందరూ చెబుతుంటారు గానీ, వారం మొత్తం మీద చూస్తే సంఖ్య మారలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది.

ఈ విషయంలో మన పంచాంగం తెలివైనది. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు అని మనకు నోటికొచ్చు. జూన్‌లో డల్లాస్‌లో అదే రాహుకాలం సుమారు 6.50కి మొదలై ఎనిమిదిన్నర దాటేదాకా ఉంటుంది. అక్కడి గుడివాళ్లు ఇచ్చే క్యాలెండరు సూర్యోదయాన్ని పట్టుకుని లెక్కేస్తుంది, గడియారంలో కలిపిన గంటను ఆఖర్న కలుపుకుంటుంది.

మరి ఎందుకు తెగడం లేదు? శాశ్వత డేలైట్ సేవింగ్ బిల్లును 2022 మార్చిలో అమెరికా ఎగువసభ సెనేట్, ఓటింగ్ కూడా లేకుండా ఏకగ్రీవంగా పాస్ చేసింది. ప్రతినిధుల సభ అసలు పట్టించుకోలేదు. యూరప్ పార్లమెంటు 2019లో 410–192 ఓట్లతో గడియారం తిప్పడం ఆపుదామంది. సభ్య దేశాలు ఏ టైమ్ అన్నది తేల్చుకోలేక అది అటకెక్కింది. విచిత్రమేమిటంటే 1966 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఏ రాష్ట్రమైనా వాషింగ్టన్‌ను అడగకుండా స్టాండర్డ్ టైమ్‌లో ఉండిపోవచ్చు. హవాయి రాష్ట్రమూ, నవాహో ఆదివాసుల ప్రాంతం పోను మిగతా అరిజోనా రాష్ట్రమూ అలాగే ఉన్నాయి. డేలైట్ సేవింగ్‌లో ఉండిపోవాలంటేనే కాంగ్రెస్ అనుమతి కావాలి. 2025లో టెక్సస్ ఆ రెండోదే కోరుతూ చట్టం చేసి, అనుమతి కోసం క్యూలో నిలబడింది. తలుపు తెరిచున్న వైపు వెళ్లకుండా తాళమున్న వైపే కొడుతున్నారు.

నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మొన్న కార్పెంటర్ వస్తే డల్లాస్ గడియారం మేకు పీకించి, స్టూలు అక్కర్లేనంత కిందికి కొట్టించాం.