ఆగమంటారు, లేదా త్వరగా చేసుకోమంటారు

అమెరికాలో బైబిలుకు గట్టిగా కట్టుబడే ప్రొటెస్టెంట్ల, అంటే ఎవాంజెలికల్ క్రైస్తవుల కాలేజీల్లో 'రింగ్ బై స్ప్రింగ్' అని పాత ఛలోక్తి ఒకటుంది. చదువు ముగిసే ఏడాది వసంతానికల్లా వేలికి నిశ్చితార్థపు ఉంగరం రావాలట. నవ్వుతూ అన్నా, ఒత్తిడి నిజమే. ఆ దేశంలో తొలి పెళ్లి మధ్యస్థ వయసు 1960లో ఆడవాళ్లకు 20, మగవాళ్లకు 23 దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు 28, 30 దాటింది. పెళ్లయ్యేదాకా శరీర సంబంధం కూడదన్న కట్టుబాటు మాత్రం చర్చి సంఘంలో కదల్లేదు. 1993లో సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు మొదలుపెట్టిన 'ట్రూ లవ్ వెయిట్స్' (నిజమైన ప్రేమ ఆగుతుంది) ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టిన పిల్లలు పదేళ్లు, పదిహేనేళ్లు ఆగాలన్నమాట.

అంతకాలం ఆగమనే కంటే త్వరగా పెళ్లి చేసుకోనివ్వండని 2009లో సామాజికశాస్త్రవేత్త మార్క్ రెగ్నెరస్ 'క్రిస్టియానిటీ టుడే' పత్రికలో వాదించాడు. "కామతప్తులగుటకంటె పెండ్లి చేసికొనుట మేలు" అని బైబిల్లో పౌలు ఎప్పుడో అన్నాడు కాబట్టి సంఘానికి ఆ తర్కం కొత్త కాదు. తేడా వచ్చేది ఇంటి లెక్కలో.

2014లో జెన్నిఫర్ గ్లాస్, ఫిలిప్ లెవ్‌చాక్ అనే పరిశోధకులు కౌంటీలవారీగా (మన జిల్లాల్లాంటివి) చూస్తే సంప్రదాయ ప్రొటెస్టెంట్లు ఎక్కువున్న చోట విడాకులూ ఎక్కువే కనిపించాయి. విశ్వాసం పలచబడి కాదు. చిన్న వయసులో పెళ్లి, వెంటనే పిల్లలు, మధ్యలో ఆగిన చదువు, చాలని జీతం, ఇవన్నీ కలిసి చేసిన పని. త్వరగా పెళ్లి చేసుకోవడమే ఆనవాయితీ అయిన ఊళ్లో ఆ సంఘంలో లేనివాళ్ల కాపురాలకూ అదే సెగ తగులుతోందని వాళ్లు తేల్చారు.

దీనికి మందు ప్రసంగాల్లో లేదు. కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం కోసం పెళ్లైన విద్యార్థులను స్వతంత్రులుగా లెక్కగడతారు, తల్లిదండ్రుల ఆదాయం చూడరు. దాంతో గ్రాంటు పెరిగే అవకాశముంది. కానీ 'ఇక మీ కాపురం మీది' అని ఇంట్లోవాళ్లు ఫీజు ఆపేస్తే ఆ పెరిగింది ఏ మూలకు? తల్లిదండ్రుల ఆరోగ్య బీమా పెళ్లయినా 26 ఏళ్లు నిండేదాకా కొనసాగించుకోవచ్చు. అందులోకి భార్యో భర్తో రారు, పుట్టిన బిడ్డా సాధారణంగా రాదు. మొదటి ఏడాదిలోనే గర్భం వస్తే ఇద్దరిలో ఒకరి చదువు ఆగేది ఇక్కడే.

టెక్సస్‌లో 8 గంటల వివాహ శిక్షణ తీసుకుంటే పెళ్లి లైసెన్స్ ఫీజులో 60 డాలర్లు తగ్గుతాయి, లైసెన్స్ వచ్చాక పెళ్లికి 72 గంటలు ఆగాల్సిన పనీ తప్పుతుంది. చాలా జంటలకు సంఘంలోనే ఆ శిక్షణ దొరుకుతుంది. బైబిలు వాక్యంతో పాటు చదువు అప్పులెంత, పిల్లలు ఎన్నేళ్లకు, ముందు డిగ్రీ పూర్తిచేసేదెవరు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయించడానికి ఆ 8 గంటలు చాలు. త్వరగా పెళ్లి చేసుకోమన్న సంఘమే మొదటి రెండేళ్ల అద్దెలోనూ కొంత పంచుకోవాలి. పెళ్లి విందుకు చందాలు ఎత్తడం తెలిసినవాళ్లకు అదేమంత కష్టం కాదు.