రాజ్ రెడ్డి గొప్పతనం ల్యాబులోనా, శిష్యుల్లోనా?

(చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గురించి, ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన బాబాయికీ, ట్రిపుల్ ఐటీలో చదివిన అన్న కూతురికీ మధ్య వాదన.)

బాబాయి: ఆయన ముందు పరిశోధకుడమ్మా. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, 1969 నుంచి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. కంప్యూటర్‌కి మనిషి మాట అర్థం చేయించాలని పట్టుబట్టారు. మాటలు అర్థం చేసుకునే ఆయన హియర్‌సే-2 చూడు: ధ్వనులు తెలిసిన ప్రోగ్రాం ఒకటి, పదాలు తెలిసింది ఒకటి, వాక్యం పోకడ తెలిసింది ఇంకొకటి. అన్నీ తమ ఊహల్ని ఒకే బ్లాక్‌బోర్డు మీద రాస్తాయి, ఒకదాని ఊహను బట్టి మరొకటి సర్దుకుంటుంది. 1976కల్లా హార్పీ అనే ఇంకో ప్రోగ్రాం వెయ్యికి పైగా పదాలు గుర్తుపట్టింది. అంతటి మనిషి డైరెక్టరని, డీన్ అని కుర్చీల్లో ఏళ్లు గడిపితే నష్టం కాదూ?

అమ్మాయి: హార్పీ కట్టింది ఆయన శిష్యుడు బ్రూస్ లోవర్ కదా బాబాయ్. మాట గుర్తుపట్టే మరో ప్రోగ్రాం డ్రాగన్, ఇంకో శిష్యుడు జేమ్స్ బేకర్ పీహెచ్‌డీ పని.

బాబాయి: దారి చూపింది ఎవరు మరి?

అమ్మాయి: ఆయనే. తను చూపని దారిలో పోతానన్నవాణ్ణీ పోనిచ్చారు, నాకు అది ఇంకా పెద్ద విషయం. నిపుణుల నియమాలు వద్దు, గణాంకాలతో చేస్తానన్నాడు శిష్యుడు కైఫూ లీ. ఆయనకి ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. ఒప్పుకోనంటూనే అండగా నిలబడ్డారు. అలా వచ్చిందే స్ఫింక్స్. ముందుగా గొంతు అలవాటు చేయక్కర్లేకుండా ఎవరు మాట్లాడినా గుర్తుపట్టేది.

బాబాయి: ఒప్పుకుంటా. కానీ అది ల్యాబులో గురువు పని. మీ ట్రిపుల్ ఐటీల చాన్సలర్ పదవి ఇంకెవరైనా చేస్తారు.

అమ్మాయి: ఇంకెవరైనా చేస్తే అది పదవిగానే మిగిలేది. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువు మొదలైంది. ఇంటర్ కోచింగ్‌కి డబ్బు కట్టలేని ఇళ్ల పిల్లలు చేతిలో ల్యాప్‌టాప్‌తో పాఠాలు విన్నారు. రాజ్ రెడ్డి కూడా తమ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషే. అలాంటి పిల్లలకి ఏం కావాలో ఆయనకి ఒకరు చెప్పాలా?

బాబాయి: పిల్లాడి చేతికి కంప్యూటరిచ్చి చదువుకోనివ్వచ్చన్న ధైర్యం ఆయనకి కుర్చీలో కూర్చుంటే వచ్చిందా? ల్యాబులోనే కదా తల్లీ!

అమ్మాయి: ల్యాబులోనే. కానీ అది అక్కడే ఉండిపోతే నాదాకా వచ్చేదా బాబాయ్?