అపార్ట్‌మెంటు ఇంకుడు గుంత గారికి విన్నపం

మహారాజశ్రీ ఇంకుడు గుంత గారికి,

రాత్రి వాన మీ నెత్తి మీదుగానే పోయింది, గమనించారా? గేటు దాటి, రోడ్డెక్కి, నాలాలో కలిసింది. తెల్లారేసరికి అదే గేటులోంచి ట్యాంకరు లోపలికొచ్చింది. రెండూ ఎదురుపడలేదు, పరువు దక్కింది.

లెక్క మీకు తెలియనిది కాదు. 200 గజాల డాబా మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 5,000 లీటర్లు. అంటే ఒక ట్యాంకరు.

మీ పుట్టుక ఘనమే. అడుగున సగం లోతు దాకా 40 ఎం.ఎం. కంకర, దాని మీద పావు వంతు 20 ఎం.ఎం. కంకర, ఆపైన దొడ్డు ఇసుక, నీళ్లు కాసేపు నిలవడానికి పైన కాస్త ఖాళీ. మీ వెనక వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ఉంది, 2002 నాటిది. పర్మిషన్ కాగితాల కోసం మీరు ఫొటో కూడా దిగారు. తర్వాత మీ మొహం చూసిన నాథుడు లేడు.

చిక్కంతా ఆ ఇసుకతోనే వచ్చింది. డాబా మీది దుమ్ము, ఎండుటాకులు, పావురాల రెట్ట కొట్టుకొచ్చి దాని మీద మడ్డిలా పేరుకుంటాయి. సన్నటి బురద ఇసుక సందులు పూడ్చేశాక కింద ఎంత కంకరుంటే ఏం? నీళ్లు దిగవు, పొంగి గేటు దారి పడతాయి. తొలకరికి ముందు పై ఇసుక తీసి, కడిగి, మళ్లీ పరవాలి. మడ్డి లోపలికి దిగితే చిన్న కంకర కూడా కడగాలి. డాబా పైపు మీలో కలిసే ముందు చిన్న తొట్టి కడితే మట్టి అక్కడే ఆగుతుంది. ఇంతే పని! కానీ కమిటీ మీటింగులో మీరెప్పుడూ చివరి అంశం. కార్ల పార్కింగు దగ్గరే రాత్రి పదకొండవుతుంది.

చుట్టూ టైల్సు ఎత్తుగా వేయించారు, వాన నీళ్లు మీ దాకా రావాలంటే మెట్లెక్కాలి. కార్లు కడిగిన సబ్బునీళ్లకు మాత్రం దారి దొరికింది. పక్క బిల్డింగులో ఒక మహానుభావుడు గట్టిగా ఉంటుందని అడుగున కాంక్రీటు పోయించాడట. దాన్ని గుంత అనరు, సంపు అంటారు.

ఇప్పుడు కొత్త బోరు వేస్తారట, 1,200 అడుగులు! ఏమయ్యా గుంతా, నువ్వైనా చెప్పు. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. నీళ్లుంటే దాని పగుళ్లలో ఉండాలి, ఆ పగుళ్లలోకి పైనుంచే దిగాలి. పైన పడ్డదాన్ని నాలాకు తోలేసి కింద వెతుకుతారా? రాయి నీళ్లను కంటుందా? బుద్ధుండక్కర్లా?

నిన్ననడం కాదులే. నోట్లో మట్టి కొట్టినా ఏళ్లుగా నోరెత్తకుండా పడున్నావు.

నీ మూత మీది నాలుగు క్రోటన్ కుండీలు ఎవరివో తేలితే, ఆదివారం పార, జల్లెడ పట్టుకుని వస్తాం.

ఇట్లు,
ట్యాంకరు హారను వినబడగానే మోటారు వేయడానికి పరిగెత్తే
మూడో అంతస్తు