ఎడారికి పోయింది మేము, వాసన మీకెట్లా వచ్చిందమ్మా?

ఇప్పుడే ఒడిబియ్యం ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చాను. పట్టుచీర కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాసి పారేస్తే తప్ప నాకు కుదురుండేలా లేదు.

భోజనాల దగ్గర మా ఆడబిడ్డ నలుగురూ వినేలా గొంతు పెంచి అడిగింది. "వదినా, అమెరికాల గా బండిల్నే వండుకున్నరంట, గా బండిల్నే దొడ్డికి గూడ పోయిండ్రంట, నిజమేనా?" అందరూ పగలబడి నవ్వారు. ఒకావిడైతే పెరుగన్నం పక్కన పెట్టేసింది. పాపం, అరిజోనా వాసన హన్మకొండ దాకా కొట్టినట్టుంది.

నిజమే తల్లీ. ఫీనిక్స్‌లో మా అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు, జనవరిలో ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని మేమిద్దరం ఎడారి తిరిగొచ్చాం. తెలియని వాళ్ళకు చెబుతున్నా, షూటింగుల దగ్గర హీరోల కోసం పెట్టే కారవాన్ ఉంటుంది చూడండి, అట్లాంటిదే. హీరోగారు అందులో కూర్చుంటే స్టేటస్. రిటైరైన మొగుడూ పెళ్ళాం కూర్చుంటే ఛీఛీ. మీ ఫ్లాట్లలో వంటింటి గోడకు ఆనుకుని బాత్రూమ్ లేదా? గృహప్రవేశం రోజు అది కూడా తలుపు తీసి చూపించి, టైల్స్ రేటు చెప్పి మరీ పంపించారు కదా.

మేడారం పోతాం కదా అందరం, రెండేళ్ళకోసారి. ట్రాక్టర్ కట్టుకుని, గిన్నెలు, బియ్యం, కోళ్ళు, మేక, పిల్లలు అన్నీ అందులోనే ఎక్కించి, జంపన్న వాగు దగ్గర చెట్టు కింద దిగి, అక్కడే వండుకుని అక్కడే పడుకుంటాం. మిగతా పనులకు ఎక్కడికి పోతామో నేను రాయనక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళు ఎడ్లబండ్ల మీద పోయేవాళ్ళు, పోవడానికే రోజులు పట్టేది. ఆ బండిలో పడుకుంటే ఆచారం. ఈ బండికి పరుపుంది, ఫ్రిజ్జుంది, లోపలి నుంచి గడియ పడే బాత్రూముంది. దీన్ని చూస్తే మాత్రం వీళ్ళకు వాంతి.

ఇంకొకావిడ అందుకుంది, "గన్ని పైసలు పెట్టి ఎడారికా? నయాగరా చూడలే?" అని. మన వాళ్ళు అమెరికా పోతే ఫొటో దిగే చోట్లు కొన్నే. లిబర్టీ బొమ్మ, నయాగరా, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి, కొడుకు కొత్త కారు. ఆ కారు ఫొటో అయితే మరీ ఘోరం, డోరు మీద చెయ్యి వేసి నిలబడాలి, అదేదో రూలున్నట్టు.

పక్క రాష్ట్రం కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయకు పోయామంటే పేరు వినగానే అపశకునం అన్నారు. 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైన చోటు అది, ఎవరు కాదన్నారు? అందుకే కదా జనవరిలో పోయింది! పగలు మన సంక్రాంతి ఎండంత కూడా లేదు, రాత్రయితే స్వెటర్ మీద శాలువా కప్పుకున్నాం. మే నెలలో రామగుండంలో పెళ్ళి పెట్టుకుని మమ్మల్ని పిలిచిన మనుషులు నాకు ఎండ గురించి చెబుతున్నారు.

అక్కడ బ్యాడ్‌వాటర్ అని ఒక చోటుంది, సముద్ర మట్టం కన్నా 282 అడుగుల కింద. కొండ పక్కన నిలబడి మెడ నొప్పెట్టేలా పైకి చూస్తే, సముద్ర మట్టం ఇక్కడిదాకా అని రాతి మీద చిన్న తెల్ల బోర్డు కనిపిస్తుంది. కింద కనుచూపు మేర ఉప్పు. పగుళ్ళు పడి, పగుళ్ళ అంచుల దగ్గర ఉప్పు లేచి గట్లు కట్టినట్టుంది. వంగి వేలితో ముట్టుకుని నాలుక మీద పెట్టుకున్నా, మహా ఘాటు. "ఇప్పుడు సముద్రం వస్తే ఎట్లా?" అన్నారు ఆయన. "రానీయండి, మీ చెల్లెలికి ఈత రాదు" అన్నాను.

క్వార్ట్‌జ్‌సైట్ అని మా అమ్మాయి ఉండే అరిజోనాలోనే ఒక చిన్న ఊరు. చలికాలంలో దాని చుట్టూ ఎడారి నిండా ఆర్‌వీలే. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సర్కారు జాగాలో బండి పెట్టుకుని ఉండొచ్చు, మేం పోయినప్పుడు సీజన్ మొత్తానికి 180 డాలర్లు. బండి దగ్గరికి కరెంటు రాదు, నల్లా రాదు. ఉన్న నీళ్ళే చూసి వాడుకోవాలి, ఒళ్ళు తడుపుకుని షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో కాపురం చేసిన నాకు ఇదొక లెక్కా? మా పక్క బండిలో కెనడా నుంచి వచ్చిన ముసలి జంట. సాయంత్రం రెండు కుర్చీలు బయట వేసుకుని పొద్దు గుంకే దాకా కూర్చునేవాళ్ళు, పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదు. పిల్లలు రాలేదా, ఎందుకు రాలేదు అని అడిగే దిక్కే లేదు. మేం భద్రకాళి చెరువు కట్ట మీద ఇద్దరం నడిస్తే చాలు, "పిల్లలెవ్వరు దగ్గర లేరా?" అని జాలి చూపులు.

సరే, అసలు మంట దగ్గరికి వస్తా.

బండిలో స్నానం నీళ్ళు, సింకు నీళ్ళు ఒక ట్యాంకులోకి, టాయిలెట్‌ది ఇంకో ట్యాంకులోకి పోతాయి. నిండితే డంప్ స్టేషన్‌కు తోలుకుపోయి, గ్లౌజులు తొడుక్కుని, పైపు బిగించి ముందు టాయిలెట్ ట్యాంకు వదలాలి. తర్వాత స్నానం నీళ్ళు వదిలితే ఆ నీళ్ళకే పైపు కడుక్కుపోతుంది. అంతే పని. కాలనీలో సెప్టిక్ ట్యాంకు లారీ వచ్చిన రోజు కన్నా వెయ్యి రెట్లు నయం. ఈ పని మా ఆయన చేశారు. తిన్న కంచం ఏనాడూ తీయని మనిషి, అక్కడ మాత్రం నేను సర్వపిండి చేస్తుంటే (పొగకు బండిలో అలారం మోగింది, అది వేరే కథ) తానే పోయి చేసుకొచ్చారు. నాకెంత ముచ్చటేసిందో.

అది నోరు జారి చెప్పాను. ఆడబిడ్డ మొహం మాడిపోయింది. "మా అన్నతోని గసొంటి పని చేపిచ్చినవా వదినా?"

గసొంటి పని!

మా అత్తమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు గసొంటి పని ఎవరు చేశారు? బడికి పోయే ముందు బెడ్‌పాన్ నేనే తీశాను, బడి నుంచి వచ్చి చేతి సంచి కింద పెట్టక ముందే మళ్ళీ నేనే తీశాను. దుప్పట్లు ఉతికింది నేను. అప్పుడు ఈ మహాతల్లి ఆదివారాలు అరటిపండ్లు పట్టుకుని వచ్చేది. గడప దగ్గరే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అమ్మను మంచిగ చూస్కో వదినా" అని చెప్పి, చాయ్ తాగి పోయేది. ఆ చాయ్ కప్పు కూడా నేనే కడిగాను. టీచరమ్మతో గసొంటి పని చేయిస్తున్నామే అని అప్పుడు ఒక్కరికీ అనిపించలేదు. ఆయన ట్యాంకు పైపు బిగిస్తే మాత్రం వంశం పరువు పోయింది. ఆమె అంత మాటంటే ఆయన పక్కనే నిలబడి డబుల్ కా మీఠా తింటున్నారు. ఎడమ పక్క స్టీరింగున్న అంత పెద్ద బండిని ఎడారి దాటించిన మనిషికి చెల్లెలి ముందు నోరు పెగల్లేదు.

అంత ఛీఛీ అన్నాక మళ్ళీ ఏమడిగిందో తెలుసా? "గా బండ్ల ఎంతమంది పడ్తరు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన కొత్తలో యాదగిరిగుట్టకు ఇద్దరం పోయొస్తామంటే అత్తమ్మ "ఇద్దరే పోతే ఏం మంచిగుంటది" అన్నారు. మాటడోర్ వ్యాన్ మాట్లాడారు. ఆయన ముందు డ్రైవర్ పక్కన, నేను వెనక ఈ ఆడబిడ్డ పిల్లల వాంతుల మధ్య. కొత్త చీర. తిరుపతి అంతే, ఊటీ అంతే. ఆమె పిల్లల ప్రతి ఫొటోలో నా సగం భుజం ఉంటుంది, కావాలంటే ఆల్బమ్ తీసి చూడండి.

ఎంతమంది పడతారా? ఆరుగురు పడుకోవచ్చు. ఇద్దరికే సరిపోతుందని చెప్పాను. వచ్చే చలికాలం కచ్‌లో తెల్ల ఉప్పు ఎడారి చూడాలనుకుంటున్నాం. ఏ తారీఖు, ఏ రైలు అనేది మాత్రం ఇక్కడ పెట్టను. చుట్టాల్లో సగం మంది ఇక్కడే ఉన్నారు.